కోకమా, ఉసిరా, బ్యాడగి మిరపా? ఎండు పండ్ల నుంచి రంగూ సారమూ తీసేవారికి ఎంపిక సలహా

మా పిన్ని కూతురు బెంగళూరు మారతహళ్ళిలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను, పీచు మిఠాయిలో గుడ్డల రంగు అయిన రోడమిన్‌-బీని నిషేధించింది. అదే ఏడాది జూన్‌లో కబాబుల రంగులకూ అడ్డుకట్ట వేసింది. అప్పటి నుంచి కొనేవాళ్ళు "రంగు దేనితో వేశారు?" అని అడగడం మొదలుపెట్టారట. దాంతో తను ఎండు కోకం (చింతపండులా పులుపుకు వాడే ఎర్రటి పండు తొక్క) కొని, నీళ్ళలో మరిగించి, రక్తంలా ఎర్రగా వచ్చిన రసాన్ని కేకు పిండిలో కలిపింది. గులాబీ రంగు కోసం చేసిన ప్రయత్నమది. ఓవెన్ నుంచి కేకు దిగేసరికి బూడిద గుమ్మడికాయ రంగులో ఉంది. "అక్కా, కోకం మోసం చేసింది" అని ఫోను.

కోకం మోసం చేయలేదు. పిండిలో వంట సోడా ఉంది, కోకం రంగుకు సోడా పడదు. ఇరవై ఏళ్ళు పానీయాల తయారీ ప్రయోగశాలల్లో పనిచేశాను. ఇలాంటి ఫోన్లు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. అందరూ చేసే పొరపాటు ఒకటే. ముందు పండును ఎంచుకుంటారు, తర్వాత దాన్ని దేనిలో నానబెట్టాలో అడుగుతారు, రంగు చివరికి ఎక్కడ చేరుతుందో ఆఖరున చెబుతారు. వరస తలకిందులు కావాలి. అది చేరే చోటు మొదట, ద్రావకం తర్వాత, పండు చివర.

## పండు కొనేముందు తేల్చుకోవలసినవి

మీకు కావలసింది రంగా, యాంటీఆక్సిడెంట్లా? రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది. ఎండు ఉసిరిలో యాంటీఆక్సిడెంట్ శక్తి మెండు, రంగు మాత్రం మట్టి రంగు. బ్యాడగి మిరపది కళ్ళు చెదిరే ఎరుపు, కానీ దాన్ని ఎవరూ ఆరోగ్య పానీయంలో వేయరు. రెండూ ఒకే పండులో దొరికే సందర్భాలు ఉన్నాయి, కోకం, నేరేడు అలాంటివే. అవి కూడా అన్ని చోట్లా పనికిరావు.

రంగు చేరే పదార్థం పులుపా, చప్పనా, క్షారమా? పండ్ల ఎరుపు, ఊదా రంగుల్లో ఎక్కువ భాగం ఆంథోసయనిన్లవి. పీహెచ్ (పులుపు, క్షారాల కొలమానం, 7 అంటే చప్పన, అంతకు దిగితే పులుపు) 3 కంటే తక్కువ ఉంటే అవి నిండు ఎరుపు. 4 నుంచి 6 మధ్య వెలవెలబోతాయి. 7 దగ్గర ఊదా నీలం, ఇంకా పైకి వెళ్తే నీలి ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపుకు తిరిగి పాడైపోతాయి. షర్బత్తు పులుపు, పాలు చప్పన, సబ్బు క్షారం. ఒకే సీసాలోని రంగు ఈ మూడింట్లో మూడు రకాలుగా కనిపిస్తుంది.

నీళ్ళలో కలవాలా, నూనెలోనా? ఆంథోసయనిన్లు, బీటాలైన్లు (డ్రాగన్ పండు రంగు), టానిన్లు (ఒగరుకు కారణమైనవి) నీటివైపు. మిరప, టమాటా ఎరుపుకు కారణమైన కెరోటినాయిడ్లు నూనెవైపు. బటర్‌క్రీములో నీటి రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, మజ్జిగలో మిరప నూనె తేలుతుంది. దీనికి ఉపాయం వెతకడంకన్నా వేరే పండు వెతకడం తేలిక.

చివరగా వేడి, వెలుతురు, రుచి. గంటసేపు కాగే వంటకమైతే ఏ సహజ రంగైనా కొంత పోతుంది. కిటికీ దగ్గర పెట్టే సీసా అయితే ఇంకొంత. రంగుతో పాటు పులుపు, ఒగరు, కారం, ఉప్పు ఏదో ఒకటి వెంట వస్తుంది. "రుచిలేని సహజ రంగు కావాలి" అని అడిగేవారికి నా జవాబు: అది ఇంట్లో తయారుకాదు. సారాన్ని రెజిన్ గొట్టాల గుండా పంపి శుద్ధి చేసే కంపెనీల దగ్గర కొనుక్కోవాలి.

## బెంగళూరులో దొరికే ఎండు పండ్లు

మనవాళ్ళకు ఇక్కడ పేర్ల తంటా ఒకటి. మూలికలు, పూజా సామగ్రి అమ్మే గ్రంథిగె అంగడికి వెళ్ళి కరక్కాయ అడిగితే తెలుగు వచ్చిన దుకాణదారు అయితే సరే, లేకపోతే అళలెకాయి అనాలి. ఉసిరి నెల్లికాయి, నేరేడు నేరళె, కోకం పునర్పుళి లేదా మురుగలు.

| ఎండు పండు | రంగునిచ్చేది | రంగు | యాంటీఆక్సిడెంట్ శక్తి | వెంట వచ్చే రుచి | నప్పే చోటు |
|---|---|---|---|---|---|
| కోకం తొక్క | ఆంథోసయనిన్లు | ఎరుపు | ఎక్కువ | గట్టి పులుపు, కొన్నిట్లో ఉప్పు | షర్బత్తు, జెల్లీ, పుల్లటి ఐసులు |
| నేరేడు గుజ్జు | ఆంథోసయనిన్లు | ఊదా ఎరుపు | ఎక్కువ | ఒగరు | జామ్, సిరప్ |
| బెంగళూరు బ్లూ ద్రాక్ష తొక్క | ఆంథోసయనిన్లు | ఊదా | ఎక్కువ | తేలిక ఒగరు | సిరప్, జెల్లీ |
| ఎర్ర గుజ్జు డ్రాగన్ పండు | బీటాలైన్లు | రాణి రంగు | మధ్యస్థం | దాదాపు లేదు | పెరుగు, లస్సీ, ఐస్‌క్రీమ్ |
| ఉసిరి | టానిన్లు | లేత గోధుమ | చాలా ఎక్కువ | పులుపు, ఒగరు | పానీయాలు, పొడులు |
| దానిమ్మ తొక్క | టానిన్లు | పసుపు | చాలా ఎక్కువ | గట్టి ఒగరు | గుడ్డ అద్దకం, సౌందర్య సాధనాలు |
| కరక్కాయ | టానిన్లు | లేత పసుపు | చాలా ఎక్కువ | ఒగరు, చేదు | గుడ్డ అద్దకం |
| బ్యాడగి మిరప | కెరోటినాయిడ్లు | ఎరుపు నారింజ | మధ్యస్థం | తక్కువ కారం | నూనె వంటలు, మసాలాలు |

కోకం. మొదటిసారి చేసేవారికి నేను ఇచ్చే పండు ఇదే. కారణం రంగు కాదు, పులుపు. తన ఆంథోసయనిన్లను కాపాడుకునే ఆమ్లం తనలోనే ఉంది. అందుకే తొలి రసానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కూడా అక్కర్లేదు. కొనేటప్పుడు నాలుక మీద పెట్టి చూడండి. ఉప్పునీటిలో ముంచి ఎండబెట్టిన రకం చేపల పులుసుకు బాగుంటుంది గానీ షర్బత్తుకు పనికిరాదు, ఆ ఉప్పును ఇంట్లో విడదీయలేరు. తొక్క మెత్తగా, నల్లెరుపుగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగి పెళుసుగా విరిగితే పాత సరుకు.

కోకంతో ఒక హెచ్చరిక ఉంది. దీనిలోని హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం బరువు తగ్గిస్తుందన్న ప్రచారం మీద గుళికలు అమ్ముతారు. దీనికి దగ్గర బంధువైన గార్సీనియా కాంబోజియా గుళికలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గ్లాసు షర్బత్తుకు భయపడనక్కర్లేదు. సారాన్ని పదింతలు చిక్కబరిచి "రోజుకు రెండు చెంచాలు" అని సీసా మీద రాయడం మాత్రం మరో సంగతి.

నేరేడు. బజారులో ఎండు నేరేడు అంటే గింజల పొడి చేతిలో పెడతారు. దానిలో రంగు లేదు. గుజ్జును మనమే ఎండబెట్టుకోవాలి, అసలు చిక్కు అక్కడే. పండు వచ్చేది మే, జూన్ నెలల్లో, బెంగళూరు ఆకాశం మూసుకునేది కూడా అప్పుడే. మా అనంతపురం ఎండలో రెండు రోజుల పని ఇక్కడ వారం పట్టి, ఈలోగా బూజు పడుతుంది. కరెంటు డ్రయ్యరులో 50 నుంచి 55 డిగ్రీల దగ్గర ఎండబెట్టండి. అది లేకపోతే నేరేడును వదిలేసి కోకంతో సరిపెట్టుకోండి.

ద్రాక్ష. బెంగళూరు బ్లూకు భౌగోళిక గుర్తింపు ఉంది. నగరం చుట్టూ, చిక్కబళ్ళాపురం వైపు పండుతుంది. రంగంతా తొక్కలోనే. పండును నలిపి రసం తాగి తొక్కలు ఎండబెట్టుకుంటే రెండు పనులు తీరతాయి. ఇది కోకమంత పుల్లన కాదు కాబట్టి నీళ్ళ విషయంలో జాగ్రత్త. మా వీధిలో వచ్చే బోరు నీళ్ళతో ఒకసారి తొక్కలు కడిగితే కడుగు నీళ్ళు నీలంగా దిగాయి. బోరు నీళ్ళలో క్షారగుణం ఎక్కువ. అప్పటి నుంచి కడగడానికి కూడా ఆర్‌ఓ నీళ్ళే.

డ్రాగన్ పండు. చప్పటి తెల్లటి వాటికి రంగు కావాలంటే ఇది ఒక్కటే దారి. బీటాలైన్లు పీహెచ్ 3 నుంచి 7 వరకు రంగు మార్చుకోవు, అందుకే పెరుగులో, పాలలో కోకం పాలిపోయిన చోట ఇవి మెరుస్తాయి. వేడి మాత్రం అసలు ఓర్చుకోవు. పాయసంలో వేసి కాచారంటే కథ ముగిసినట్టే, దింపి చల్లారాక కలపాలి. గుజ్జులో జిగురు ఉంటుంది కాబట్టి వడకట్టడం విసుగు పని. పలుచని గుడ్డ మీద వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో కారనివ్వండి, పిండకండి. ఎండు ముక్కలు కొనేటప్పుడు లోపలి గుజ్జు ఎరుపా తెలుపా అని తప్పక చూడండి, తెల్ల గుజ్జు రకంలో మీకు కావలసింది ఏదీ లేదు.

ఉసిరి, దానిమ్మ తొక్క, కరక్కాయ. ఈ మూడింటినీ ఒక గాటన కట్టవచ్చు, మూడూ టానిన్ల గనులు. ఎండబెట్టాక ఉసిరిలో సి విటమిన్ తగ్గుతుంది, టానిన్లు నిలుస్తాయి. వీటిని ఇనప మూకుడులో మరిగించకండి. టానిన్, ఇనుము కలిస్తే సిరా. వెనకటివాళ్ళు రాతకు వాడింది అలాంటి నలుపే. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు గుడ్డను ముందుగా కరక్కాయ కషాయంలో, పాలలో ముంచేది కూడా ఇందుకే. టానిన్ గుడ్డకు పట్టుకుంటుంది, బెల్లంలో ఇనప తుక్కు ఊరబెట్టిన నీటితో గీసిన గీత ఆ టానిన్‌తో కలిసి నల్లబడుతుంది, పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. కరక్కాయను తినే రంగుగా ఆలోచించకండి. అద్దకానికి దీన్ని మించింది లేదు.

దానిమ్మ తొక్క గురించి ఒక మాట. గింజలకన్నా తొక్కలోనే టానిన్లు ఎన్నో రెట్లు ఎక్కువ, రసం దుకాణాలవాళ్ళు దాన్ని బుట్టల కొద్దీ పారేస్తారు. అడిగితే ఉచితంగా ఇస్తారు. సబ్బులు, క్రీములు చేసేవారికి ఇంత చవక సరుకు దొరకదు. పురుగుమందు భయం ఉన్నవారు తెలిసిన రైతు దగ్గర తెచ్చుకోవాలి.

బ్యాడగి. మిరపకాయ కూడా పండే, ఎండితే ఎండు పండే. గుంటూరు మిరపతో పెరిగిన నాలుకకు బ్యాడగి చప్పగా అనిపించవచ్చు, రంగు తీసేవారికి ఆ చప్పదనమే వరం. గింజలు, తొడిమలు తీసి, పొడి కొట్టి, నాలుగింతల నూనెలో 60 డిగ్రీల దగ్గర గంట ఉంచి వడకట్టండి. నూనె పొగ వచ్చేదాకా కాగితే రంగు గోధుమకు తిరుగుతుంది. టమాటా ఒరుగులదీ ఇదే పద్ధతి. మదనపల్లె, కోలారు మార్కెట్లలో ధర పడిపోయిన రోజుల్లో ఒరుగులు పెట్టుకున్నవారికి ఆ టమాటా ఎరుపు (లైకోపీన్) నూనె దాదాపు ఊరికే వచ్చినట్టు.

కొనకూడనివి కూడా చెప్పాలి. బంగారు రంగు కిస్‌మిస్, మెరిసే నారింజ రంగు ఆప్రికాట్లు గంధకపు పొగ పట్టినవి. ఆ సల్ఫైట్ ఆంథోసయనిన్లను వెలిసిపోయేలా చేస్తుంది, వాటితో కోకాన్ని కలిపితే కోకమూ పోతుంది. నల్ల కిస్‌మిస్, ఖర్జూరం, ఎండు అంజీర రంగు ఎక్కువ భాగం ఎండేటప్పుడు వచ్చిన గోధుమ రంగు. తినడానికి మంచివి, రంగు తీయడానికి దండగ. తీపి ఎండు క్రాన్‌బెర్రీలు పంచదార పాకంలో ఊరి, పైన నూనె పూసుకుని వస్తాయి. మీరు వడకట్టేది పాకమే.

## దేనితో తీయాలి

| ద్రావకం | ఏది బాగా వస్తుంది | లోపం | నిల్వ | ఎవరికి |
|---|---|---|---|---|
| గోరువెచ్చని నీళ్ళు | టానిన్లు, బీటాలైన్లు | పంచదార, జిగురు కూడా వస్తాయి | ఫ్రిజ్‌లో 3, 4 రోజులు | వంటింటికి |
| నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు | ఆంథోసయనిన్లు | పులుపు | కొంచెం మెరుగు | వంటింటికి, చిన్న వ్యాపారానికి |
| నీళ్ళు, ఇథనాల్ (ఆల్కహాల్) మిశ్రమం | ఆంథోసయనిన్లు, ఫినాలిక్ పదార్థాలు (టానిన్లూ వాటి జాతివీ) | లైసెన్సు, మంట ప్రమాదం, ఆవిరి చేయాలి | నెలలు | వ్యాపారానికి, విద్యార్థులకు |
| నీళ్ళు, గ్లిజరిన్ మిశ్రమం | టానిన్లు, కొంత రంగు | గ్లిజరిన్ విడదీయలేరు | నెలలు | సబ్బులు, క్రీములకు |
| నూనె | కెరోటినాయిడ్లు మాత్రమే | వెలుతురుకు వెలుస్తుంది | నెలలు, చీకట్లో | వంటకు, సౌందర్య సాధనాలకు |
| అధిక పీడన కార్బన్ డయాక్సైడ్ | కెరోటినాయిడ్లు, సువాసనలు | భారీ పెట్టుబడి | దీర్ఘకాలం | కర్మాగారాలకు |

పట్టికలో చివరి వరస చూసి చాలామంది మోసపోతారు. ఖరీదైన యంత్రం అన్నిటినీ బాగా తీస్తుందని అనుకుంటారు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు, దాదాపు 74 బార్ల పీడనం దాటితే వాయువుకూ ద్రవానికీ మధ్యస్థంగా మారి కొవ్వు స్వభావం ఉన్నవాటిని కరిగిస్తుంది. కోకం రంగు నీటి స్వభావం కలది. ఇథనాల్ లాంటిది తోడు చేయకపోతే అంత యంత్రమూ కోకం ముందు చేతులెత్తేస్తుంది, నిమ్మ ఉప్పు నీళ్ళు గెలుస్తాయి.

ఇథనాల్ విషయంలో కొంచెం ఆగుదాం. నూరు శాతం ఆల్కహాల్ మంచిదనుకుంటారు, కాదు. ఎండిన కణజాలం ముందు నీళ్ళు తాగి ఉబ్బాలి, అప్పుడే ఆల్కహాల్ లోపలికి చొరబడి రంగును బయటకు తెస్తుంది. అందుకే 50 నుంచి 70 శాతం మిశ్రమం బాగా పనిచేస్తుంది. పెక్టిన్ జిగురు ఆల్కహాల్‌లో గడ్డకట్టి అడుగున పడిపోతుంది, పైన తేటగా మిగులుతుంది. ఇంత లాభం ఉంది కాబట్టే కొందరు అడ్డదారి వెతుకుతారు. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్, పెయింట్ దుకాణంలోని డీనేచర్డ్ స్పిరిట్, శానిటైజర్ ఇవేవీ తినే సారానికి వాడకూడదు. తాగకుండా ఉండటం కోసమే వాటిలో మిథనాల్ లాంటి విషాలు, చేదు కలుపుతారు. ఆవిరైపోతుందిలే అని తీసేయగలిగినవి కావు అవి. తినదగిన ఇథనాల్ కొనాలంటే ఎక్సైజ్ అనుమతి కావాలి. ఇంట్లో ఒక సీసా కోసమైతే 42.8 శాతం వోడ్కా సరిపోతుంది, రాత్రంతా నానబెట్టండి, పొయ్యి దగ్గరకు తీసుకెళ్ళకండి.

కళ్ళజోళ్ళు, నగలు కడిగే చిన్న అల్ట్రాసౌండ్ తొట్టెలు వస్తున్నాయి కదా, వాటిలో గాజు సీసా పెట్టి ఇరవై నిమిషాలు ఆడిస్తే గంట నానిన దానికి దగ్గర ఫలితం వస్తుంది. తొట్టె నీళ్ళు వేడెక్కుతాయి కాబట్టి మధ్యలో మార్చండి. మైక్రోవేవ్ కూడా పనిచేస్తుంది, పది సెకన్ల చొప్పున ఆపి ఆపి. ఎక్కడో ఒక మూల మరిగిపోయి రంగు మాడుతుందన్న భయం ఉంది, నాకైతే అది నచ్చదు.

## వంటింట్లో పద్ధతి, కొలతలతో

ఉప్పులేని ఎండు కోకం 20 గ్రాములు కత్తిరించండి. మరీ పొడి చేస్తే వడకట్టడం నరకం. 100 మిల్లీలీటర్ల ఆర్‌ఓ నీళ్ళు 55 డిగ్రీలకు వేడిచేసి, స్టీలు గిన్నెలో మూతపెట్టి గంటసేపు ఉంచండి. వడకట్టి తొక్కను మళ్ళీ 100 మిల్లీలీటర్లలో వేయండి, ఈసారి ఒక గ్రాము నిమ్మ ఉప్పు వేయాలి, తన పులుపంతా మొదటి రసంలో వెళ్ళిపోయింది కాబట్టి. మూడోసారీ అంతే. ఒకేసారి 300 మిల్లీలీటర్లు పోయడంకన్నా ఇలా మూడు విడతలుగా పోస్తే ఎక్కువ రంగు వస్తుంది. మూడో విడత పలుచని రసాన్ని పారబోయకుండా, తర్వాతి కొత్త కోకానికి మొదటి నీళ్ళుగా వాడుకోండి. కర్మాగారాలు చేసేది కూడా ఇదే.

చిక్కబరచడానికి మరిగించకండి. మా చెల్లెలు పోగొట్టుకున్న ఎరుపులో సగం సోడాలో పోతే, కొంత ముందే పొయ్యి మీద పోయింది. రసాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పోసి పూర్తిగా గడ్డకట్టించి, ఆ గడ్డను జల్లెడలో పెట్టి నెమ్మదిగా కరగనివ్వండి. ముందుగా కారేది చిక్కటి సారం, చివరికి మిగిలేది దాదాపు తెల్ల మంచు. చుక్క చుక్కగా కారడం విసుగ్గా ఉంటుంది, రంగు మాత్రం దాదాపు పోదు.

నేను చేసిన తప్పు ఒకటి మీరు చేయకండి. కోకం షర్బత్తుకు బలం చేకూరుతుందని ఉసిరి సారం కలిపాను ఒకసారి. రంగుకూ ఆరోగ్యానికీ రెండిందాలా మంచిదనుకున్నాను. కొన్ని వారాలకే షర్బత్తు ఇటుక పొడి రంగుకు తిరిగింది. సి విటమిన్, ఆంథోసయనిన్ ఒకే సీసాలో గాలి సమక్షంలో ఉంటే ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. రెండూ కావాలంటే రెండు సీసాలు పెట్టుకుని తాగేటప్పుడు కలుపుకోండి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఇంట్లో వంటకు మాత్రమే అయితే రెండు సీసాలు చాలు. పుల్లటివాటికి కోకం, నూనె వంటకు బ్యాడగి. పాల వంటకాలకు డ్రాగన్ పండు పొడి కొద్దిగా ఎప్పటికప్పుడు తెచ్చుకోండి. ఇథనాల్ జోలికి వెళ్ళనక్కర్లేదు. యాంటీఆక్సిడెంట్ల కోసం సారమే తీయాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు, నానబెట్టిన కోకం తొక్క, ఉసిరి ముక్క నమిలి తింటే పీచు అదనం.

చిన్న వ్యాపారం పెట్టేవారికి ఎంపిక వేరే. నిలవ లేనిది అమ్మలేరు. నీటి సారాన్ని పంచదార పాకంలో కలిపి సిరప్ చేయడం మొదటి మెట్టు, చక్కెర తానే కాపలా కాస్తుంది. పొడిగా అమ్మాలంటే పిండి పదార్థం నుంచి చేసే మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపి, రసాన్ని వేడి గాలిలోకి తుంపర్లుగా చల్లే స్ప్రే డ్రయ్యరుకు ఇవ్వాలి. గాలి 150 డిగ్రీలు దాటి ఉన్నా చుక్క క్షణాల్లో ఎండిపోతుంది కాబట్టి రంగు బతుకుతుంది. యంత్రం కొనకండి, కూలికి ఎండబెట్టి ఇచ్చేవారు ఉన్నారు. 1950లో మైసూరులో మొదలైన కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఇలాంటి పద్ధతులకు లైసెన్సులు, చిన్న శిక్షణలు ఇస్తుంది. రైలెక్కితే మూడు గంటల దూరం, ఒక రోజు పోగొట్టుకున్నా నష్టం లేదు. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ ముందే తీసుకోండి. లేబుల్ మీద "రక్తపోటు తగ్గిస్తుంది, క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది" అని రాయాలన్న ఉబలాటం అణచుకోండి, రోగాలు నయమవుతాయని ఆహారం మీద రాయడం చట్టం ఒప్పుకోదు.

ప్రతి విడత సరుకు ఒకే రంగులో రాదని కూడా తెలిసి దిగాలి. ఈ ఏటి కోకం, పోయిన ఏటి కోకం ఒకటి కాదు. రెండు విడతల సారాలు కలిపి రంగు సరిచూసుకోవడం ఈ వ్యాపారంలో సగం పని.

ప్రాజెక్టు చేసే విద్యార్థులకు ఇథనాల్ మిశ్రమం, నిమ్మ ఉప్పు నీళ్ళు రెండూ పోల్చడం మంచి అంశం. ఆంథోసయనిన్ కొలవడానికి పీహెచ్ భేద పద్ధతి వాడండి. ఒకే పలుచనలో రెండు బఫర్లు (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణాలు), పీహెచ్ 1.0, పీహెచ్ 4.5. రెండింటినీ 520, 700 నానోమీటర్ల దగ్గర చదివి తేడా తీస్తే గోధుమ రంగు మలినం లెక్కలోకి రాదు. మొత్తం ఫినాలిక్‌ల కోసం అందరూ ఫోలిన్ పరీక్ష చేస్తారు. దానితో చిక్కేమిటంటే అది ఫినాలిక్‌లకే కాదు, సి విటమిన్‌కూ, సల్ఫైట్‌కూ, కొంతవరకు చక్కెరలకూ నీలంగా మారుతుంది. గంధకం పట్టిన కిస్‌మిస్‌ను తీసుకుని "యాంటీఆక్సిడెంట్లు అపారం" అని తేల్చిన నివేదికలు దిద్దాను నేను. పక్కన డీపీపీహెచ్ (యాంటీఆక్సిడెంట్ తగిలితే వెలిసే ఊదా రంగు రసాయనం) పరీక్ష కూడా చేసి 517 నానోమీటర్ల దగ్గర ఊదా ఎంత తగ్గిందో చూడండి. ఫలితాన్ని తడి బరువుకు కాకుండా పొడి బరువుకు లెక్కకట్టండి, ఎండు పండ్లలో తేమ ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది.

గుడ్డ అద్దేవారికి కోకం, నేరేడు వద్దు. మొదటిరోజు చూడముచ్చటగా ఉంటాయి, సబ్బు తగలగానే రంగు మారి, నాలుగు ఉతుకులకు వెలిసిపోతాయి. కరక్కాయ, దానిమ్మ తొక్క, తోడుగా పటిక. బెంగళూరు బోరు నీళ్ళు ఇక్కడా ఆట పట్టిస్తాయి, ఒకే కుండలో రెండు గుడ్డలు రెండు పసుపుల్లో వస్తే ఆశ్చర్యపోకండి.

సబ్బులు, క్రీములు చేసేవారికి ఒక్కటే నియమం. సబ్బు క్షారం, ఆంథోసయనిన్‌ను దానిలో వేయకండి. బ్యాడగి నూనె సబ్బులో నారింజగా నిలుస్తుంది, చర్మానికి మిగిలిన కారం తగులుతుందేమో ముందు మోచేతి మీద చూసుకోండి. క్రీముకు దానిమ్మ తొక్క గ్లిజరిన్ సారం నప్పుతుంది.

## డబ్బు పెట్టే ముందు

సారం ఏదైనా సరే, పెద్ద మొత్తంలో తీయకముందు నాలుగు గాజు గిన్నెల పరీక్ష చేయండి. ఒకదానిలో నిమ్మ ఉప్పు నీళ్ళు, ఒకదానిలో పాలు, ఒకదానిలో చిటికెడు వంట సోడా కలిపిన నీళ్ళు, నాలుగోదానిలో మీరు అసలు చేయబోయే వస్తువు, అంటే మీ షర్బత్తో, మీ క్రీమో. ఒక్కోదానిలో చెంచా సారం కలిపి, ప్రతిదాన్నీ రెండు భాగాలు చేసి, సగం చీకటి అలమారలో, సగం కిటికీలో రెండు రోజులు ఉంచండి. ఎంపిక దానంతట అదే తేలిపోతుంది.

మా చెల్లెలు చేసింది అదే. ఇప్పుడు కేకు లోపల ఏ రంగూ వేయదు. నిమ్మరసంతో చేసే పంచదార పూతలో రెండు చెంచాల కోకం సారం కలిపి, చల్లారిన కేకు మీద పోస్తుంది. పూత పుల్లన, వేడి లేదు, పోసిన రోజే అమ్ముడుపోతుంది. "రంగు దేనితో?" అని అడిగితే కోకం తొక్క చేతిలో పెట్టి చూపిస్తుందట.